వీధి గుమ్మంలో చెంబు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నిజంగా ఒక దెయ్యం ఎదురైతే, "మీదే ఊరండీ, ఎవరి తాలూకు?" అని అడిగి, నాలుగు మాటల్లో వరస కలిపేసి, ఆ పూట దాని ఇంట్లోనే భోంచేసి వచ్చే రకం నేను.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. పిల్లి కనబడితే పులి అంటాను. మా ఇంట్లో నేనేం చెప్పినా అందులో సగం కోసేసి వింటారు. మీరూ అలాగే వినండి, నాకేం అభ్యంతరం లేదు. చెంబు గురించి చెప్పిన చోట మాత్రం కోయకండి. అక్కడ నేనేమీ కలపలేదు. కలపడానికి ధైర్యం చాలలేదు.

డెబ్బై ఏడు ఉప్పెనకి ముందు నుంచీ నేనొక పళ్లపొడి కంపెనీకి రిప్రజెంటేటివ్‌ని. బందరులో చిన్న గది. గుడివాడ నుంచి దివిసీమ దాకా నా సామ్రాజ్యం. ఒక చేతిలో శాంపిళ్ల పెట్టె, ఇంకో చేతిలో గొడుగు. మొదట్లో బుద్ధిగా లాడ్జీల్లో దిగేవాణ్ణి. గుడివాడలో ఒక లాడ్జిలో నల్లులు నన్ను మంచంతో సహా మోసుకెళ్లి వరండాలో పెట్టాయి. అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను, ఇక మనుషుల ఇళ్లలోనే దిగాలని.

ఆ రోజుల్లో మా వైపు లాడ్జిలో దిగడమంటే, ఆ ఊళ్లో నా అన్నవాడు ఒక్కడూ లేడని చాటింపు వేసుకోవడమే. చుట్టరికం లేకపోతే కలుపుకోవాలి. బస్సు దిగగానే కాఫీ హోటల్లో కూర్చుని రెండు సంగతులు రాబట్టేవాణ్ణి. పెద్ద అరుగున్న ఇల్లు ఎవరిది, ఆ ఇంటి ఇల్లాలు ఏ ఊరి ఆడపడుచు. అంతే, మా అమ్మ పుట్టిల్లు ఆ ఊరికి మారిపోయేది. మా అమ్మ పాపం ఒకే ఊళ్లో పుట్టింది. నా పుణ్యాన జిల్లాలో సగం ఊళ్లలో పుట్టింది.

నేను కోతలు కోస్తున్నానని వాళ్లకి తెలియదా అంటే, తెలుసు. తెలిసి కూడా "అవునవును, మీ అమ్మగారిని చిన్నప్పుడు చూశాను" అనేవారు. అడిగినవాడికి ఆకు వెయ్యడానికి వాళ్లకీ ఒక సాకు కావాలి కదా.

అవనిగడ్డలో బస్సు దిగి, సముద్రం వైపు కాలవ గట్టు పట్టుకుని నడిస్తే ఒక ఊరు వస్తుంది. పేరు చెప్పను. ఆ ఊళ్లో తాటాకు ఇళ్ల మధ్య ఒకే ఒక్క డాబా, వీరరాఘవయ్యగారిది. ఆయన భార్య రత్తమ్మగారిది గుడ్లవల్లేరు. కాబట్టి మా అమ్మదీ గుడ్లవల్లేరే. నిజానికి మా అమ్మ గుడ్లవల్లేరుని రైల్లోంచి చూసింది, అదీ కిటికీ పక్కన చోటు దొరికిన రోజున.

మొదటిసారి వెళ్లినప్పుడు నాలికలు ఎండబెట్టే ఎండ. వీధి గుమ్మం మెట్టు మీద ఇత్తడి చెంబుతో నీళ్లు, దాని పక్కన మడత పెట్టిన తువ్వాలు ఉన్నాయి. మా వైపు చుట్టం వస్తే ముందు నీళ్లిస్తారు, కాళ్లు కడుక్కున్నాకే గడప దాటాలి. కానీ చుట్టం వచ్చాక ఇస్తారు. రాకముందే పెట్టి ఉంచరు. ఇంకెవరి కోసమో పెట్టారనుకుని, గొడుగు నీడలో బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాను. లోపల్నించి ఒకావిడ వచ్చి, "నీళ్లు నీకే నాయనా, కడుక్కో" అంది. నేను ఇంకా మా అమ్మని గుడ్లవల్లేరులో పుట్టించనైనా లేదు.

ఆవిడే రత్తమ్మ పిన్ని. ఆ పూట భోజనాల వేళకి ఆవిడ కొడుకు కోటి పొలం నుంచి వచ్చాడు. వీధి గుమ్మం వంక చూడను కూడా చూడకుండా పక్క సందులోంచి దొడ్లోకి వెళ్లి, నూతి పక్కనుండే పెద్ద సిమెంటు గాబులో నీళ్లు కాళ్ల మీద గుమ్మరించుకుని, వెనక గుమ్మంలోంచి లోపలికొచ్చాడు. నన్నూ చెంబునీ చూసి నవ్వాడు.

"రాజభోగం అన్నయ్యా నీది. నేను పుట్టి ఇన్నేళ్లయింది, మా అమ్మ నాకు ఒక్కనాడు చెంబు పెట్టిన పాపాన పోలేదు."

"ఇంటివాడికి వీధిలో నీళ్లేంట్రా? నువ్వూ చుట్టమై రా, నీకూ పెడతాను" అంది పిన్ని, పప్పు వడ్డిస్తూ. అందరం నవ్వాం. కోటి పెళ్లాం సుశీల, అప్పటికి కొత్త కోడలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

తర్వాత తెలిసింది, ఆ చెంబు సంగతి ఊరందరికీ మామూలేనని. చుట్టాలు వచ్చే ముందు పిన్నికి తెలుస్తుందట. ఎంతమంది వస్తే అన్ని చెంబులు. ఎలా తెలుస్తుందని అడిగితే, "ఏమో, పెట్టాలనిపిస్తుంది" అనేది, అంతకుమించి చెప్పేది కాదు.

నేను ఊరుకుంటానా? నమ్మకం లేనివాణ్ణి కదా, పరీక్షలు మొదలుపెట్టాను. గట్టు మీద నుంచి కాకుండా పొలాలకి అడ్డంపడి వెళ్లాను. మోకాలి దాకా బురద అంటింది, చెంబు మాత్రం నా కోసం మెట్టు మీద సిద్ధంగా ఉంది. బందరులో నా పక్క గదిలో ఉండే కరీమ్‌ని, చిలకలపూడి గిల్టు నగలు అమ్ముకునేవాణ్ణి, చెప్పాపెట్టకుండా వెంటబెట్టుకెళ్లాను. రెండు చెంబులు, రెండు తువ్వాళ్లు. కరీమ్ కాళ్లు కడుక్కుంటూ, "బావా, నాకిక్కడ ఏ వరస కలిపావు?" అని చెవిలో అడిగాడు. ఇంకోసారి దివిసీమ బస్సెక్కి, చల్లపల్లిలో మనసు మార్చుకుని గుడివాడ వెళ్లిపోయాను. నెల తర్వాత వెళ్తే వీరరాఘవయ్య బాబాయే ఎత్తాడు ఆ మాట. "ఆ మధ్య ఒకరోజు మీ పిన్ని పొద్దున్న చెంబు పెట్టి, మళ్లీ తనే లోపలికి తీసుకుపోయింది. బయల్దేరి ఆగిపోయావా ఏమిటి?"

కుర్చీలో ఎగిరిపడ్డానని చెప్పొచ్చు. ఎగరలేదు. అన్నం కలుపుకుంటూ ఆగిపోయానంతే.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. దాని గురించి నేను పెంచి చెప్పలేను. జీవితంలో మొదటిసారి, ఉన్నదే నేను పెంచగలిగినంతకంటే పెద్దదిగా ఉంది. ఆ ఊళ్లో డాబా ఎక్కినవాళ్లు బతికారు. కోటి ఆ ఉదయమే సరుగుడు తోట నరికించడానికి సముద్రం ఒడ్డుకి వెళ్లాడు. తిరిగి రాలేదు. శవం దొరకలేదు.

దారులు కాస్త బాగుపడ్డాక మా కంపెనీకి దయ పుట్టింది. బాధితులకి పళ్లపొడి ఉచితంగా పంచమని మూటలు పంపారు. కంపెనీ పేరు రాసిన గుడ్డ కూడా పంపి, దాన్ని వెనక కట్టించి ఫొటో తీయించమన్నారు. మెతుకు లేని చోట పళ్లు తోముకోవడానికి పొడి. ఆ ఆలోచన వచ్చినవాడి పళ్లు ఎలా ఉంటాయో చూడాలని నాకిప్పటికీ కోరిక.

గట్టు పొడుగునా బ్లీచింగ్ వాసన. ఆ వాసన కింద ఇంకో వాసన. డాబా దగ్గరికి వచ్చేసరికి నా కళ్లు మెట్టు మీదికి వెళ్లాయి. చెంబు లేదు.

అరుగు మీద బాబాయి చొక్కా లేకుండా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు. పిన్ని గుమ్మంలోకి వచ్చింది. ఏడవలేదు. "దొడ్లోకి వెళ్లి కాళ్లు కడుక్కో. గాబులో నీళ్లున్నాయి" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నిజమే, ఇదా చుట్టరికాలు వెలగబెట్టే సమయం? అయినా గుచ్చుకుంది. ఇన్నాళ్ల మర్యాద పోయింది, వచ్చినవాడు ఇప్పుడు బరువు అనుకున్నాను. తప్పు వాళ్లది కాదు. ఊళ్లో నిలిచింది ఆ డాబా ఒక్కటే కావడంతో ఉప్పెన చూడ్డానికి వచ్చినవాళ్లంతా అక్కడే దిగేవారు. బూట్లతో లోపలికి వచ్చేవారు. ఎంతమంది పోయారని అడిగి, భోజనం ఉందా అని అడిగేవారు. ఒక పెద్దమనిషి మజ్జిగ పల్చగా ఉందన్నాడట. నేనూ ఆ వరసలో ఒకణ్ణే కదా, చేతిలో పళ్లపొడితో.

దొడ్లో సుశీల గిన్నెలు తోముతోంది. చేతులకి గాజులు, నుదుట బొట్టు. "మీకూ పెట్టలేదా బావగారూ?" అంది. "ఉప్పెన తర్వాత అత్తయ్య ఎవరికీ పెట్టలేదండి. కార్లలో వచ్చినవాళ్లకి కూడా."

ఆ పిల్ల కష్టం అప్పుడు తెలిసింది. ఆమె తండ్రి పెదపారుపూడి నుంచి వచ్చి అక్కడే మకాం వేశాడు. దొరకని మనిషి పోయినట్టే లెక్క, ఇంకో మూడు రోజుల్లో కర్మ జరిపించి, పిల్లని తీసుకుపోతానని పట్టు పట్టాడు. కర్మ జరిగితే గాజులు తీయాలి, బొట్టు చెరపాలి. సుశీల ఒప్పుకోవడం లేదు.

"అత్తయ్య చెంబు పెట్టలేదంటే ఆయన ఇవాళ రారని. అసలే రారని కాదు కదండీ" అంది. నమ్మకం లేనివాణ్ణి. అయినా తల ఊపాను.

ఆ పిల్ల ఒక్కతే కాదు. ఊళ్లో మనుషులు దొరకని ఆడవాళ్లు ప్రతి పొద్దునా ఆ వీధిలోంచి వెళ్తూ మెట్టు వంక చూసేవారు. ఖాళీ మెట్టు చూసి వెళ్లిపోయేవారు. "పెడితే దాని సొమ్మేం పోయింది" అని ఒకావిడ గట్టిగానే అంది, పిన్నికి వినబడేలా.

మర్నాడు మిట్టమధ్యాహ్నం. నేను అరుగు మీద పళ్లపొడి మూట మీద కూర్చుని ఉన్నాను. పిన్ని వంటింట్లోంచి ఇత్తడి చెంబు తెచ్చింది. చింతపండుతో తోమినట్టుంది, ఎండకి కళ్లు చెదిరిపోయేలా మెరుస్తోంది. మెట్టు మీద పెట్టింది. తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. లోపలికి వెళ్లిపోయింది.

ఊరు పరిగెత్తుకొచ్చింది. పెంచి చెప్పడం లేదు, ఆ మిగిలిన ఊళ్లో నడవగలిగినవాళ్లంతా వచ్చారు. సుశీల దొడ్లోకి పరిగెత్తి మొహం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, గుమ్మంలో నిలబడింది. ఆమె తండ్రి పంచాంగం చంకలో పెట్టుకుని నోరు మూసుకున్నాడు. బాబాయి లేచి, ఉప్పెన తర్వాత మొదటిసారి, చొక్కా తొడుక్కున్నాడు. అరుగుల మీద అటూ ఇటూ మనుషులు. మధ్యలో మెట్టు, మెట్టు మీద చెంబు. అందరి కళ్లూ వీధి చివర.

ఒక్క పిన్ని మాత్రం వీధి వంక చూడలేదు. హాల్లో స్తంభానికి ఆనుకుని, లోపలి వైపు మొహం పెట్టి కూర్చుంది. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

ఎవరూ రాలేదు. వండిన అన్నం చల్లారిపోయింది. నిలబడ్డవాళ్లు కూర్చున్నారు, కూర్చున్నవాళ్లు లేచారు. "ఆవిడకి మతి చలించింది పాపం" అన్నారెవరో. మెల్లగా జనం పల్చబడ్డారు. సుశీల అలాగే నిలబడి, కాళ్లు లాగి కాబోలు, ఒకసారి వెనక్కి తిరిగింది. తిరిగి, అలాగే ఉండిపోయింది.

మేమూ చూశాం. చెంబు ఖాళీగా ఉంది. మెట్టు తడిసి ఉంది. తువ్వాలు మడత విడి, తడిగా ముద్దగా పడి ఉంది. గడప అవతల నాపరాళ్ల మీద తడి అడుగులు. మగమనిషి కాళ్లు. గుమ్మంలో సుశీల నిలబడ్డ చోటు పక్కనుంచే వెళ్లి, హాలు దాటి, పిన్ని ముందు దాకా వెళ్లాయి. అక్కడ ఆగిపోయాయి. వెనక్కి వచ్చిన అడుగులు లేవు.

నేను చెంబు చేతికందేంత దూరంలో కూర్చున్నాను. నా ఎదుట బాబాయి. మా ఇద్దరి మధ్యలోంచి ఎవరూ లోపలికి వెళ్లలేదు. ఏ కుక్కో చెంబు దొర్లించిందనుకుందామంటే, చెంబు నిలబెట్టే ఉంది. అడుగుల తడి ఆరాక తెల్లగా ఉప్పు పొర కట్టింది గానీ, దాన్ని నేను సాక్ష్యంగా చెప్పను. ఉప్పెన తర్వాత ఆ ఊళ్లో నూతినీళ్లన్నీ ఉప్పగానే ఉన్నాయి.

"వచ్చారత్తయ్యా" అని సుశీల లోపలికి పరిగెత్తింది. గదులు చూసింది, వంటిల్లు చూసింది, డాబా ఎక్కి దిగింది, దొడ్లోకి వెళ్లి నూతిలోకి కూడా తొంగిచూసింది. రొప్పుతూ వచ్చి పిన్ని ముందు నిలబడింది. "లోపలికొచ్చారు కదత్తయ్యా, ఎక్కడున్నారు?"

పిన్ని ఆ ఆఖరి అడుగుల జత వంకే చూస్తోంది.

"వాడు ఏనాడన్నా వీధిలో కాళ్లు కడుక్కున్నాడా అమ్మా?" అంది. "పొద్దున్న చెంబు పెట్టాలనిపించింది. వాడికే అని కూడా తెలిసింది. చుట్టమై రమ్మన్నాను. నా నోటితో నేనే అన్నాను. వచ్చాడు, చూశాడు, వెళ్లాడు."

సుశీల చేతుల గాజులకేసి చూసుకుంది. తండ్రి వైపు తిరిగి, "ఎల్లుండి కాదు నాన్నా. రేపే కానివ్వండి" అంది. ఆ గొంతు మామూలుగా ఉంది. ఏడ్చి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో.

పిన్ని కొంగు తీసి ఆ అడుగుల్ని ఒక్కొక్కటే తుడిచింది, గడప దాకా.

అప్పుడు తగిలింది నాకు. వీధి గుమ్మం ముందు చెంబు చుట్టానికి. దొడ్లో గాబు ఇంటివాడికి. నిన్న నన్ను ఆవిడ దొడ్లోకి వెళ్లమంది మర్యాద తప్పి కాదు. కొడుకు చుట్టమైపోతాడని తెలిసిందో ఏమో, ఖాళీ అయిన చోట నన్ను నిలబెట్టింది. భోజనం కోసం నేను కలిపిన వరసని ఆవిడ నిజం చేసేసింది.

కర్మ అయ్యాక బందరు వచ్చేశాను. వచ్చేముందు పళ్లపొడి మూటలు ఆ ఊరి కాలవలో కలిపాను. చేపల పళ్లు తళతళలాడి ఉంటాయి. ఫొటో లేదని కంపెనీ కోప్పడింది.

బయల్దేరేటప్పుడు పిన్ని "తొందరగా రా" అంది. నేను వెళ్లలేదు. సంవత్సరం దాటాక ఒకరోజు ఉండబట్టలేక బస్సెక్కాను. ఎవరికీ చెప్పలేదు. కరీమ్‌కి కూడా. అవనిగడ్డలో దిగి, బస్టాండులో సోడా బండి పక్కన నిలబడ్డాను. వెళ్తే మెట్టు మీద చెంబు ఉంటుందో, ఉండదో. ఉంటే నేను పరాయివాణ్ణి. లేకపోతే ఆ ఇంటి కొడుకుని, ఇద్దరు ముసలివాళ్లకి ఉన్న ఒక్క దిక్కుని. ఊరికే తిని తిరిగినవాడికి అంత బరువు ఎత్తుకునే సత్తా ఎక్కడిది? తిరుగు బస్సెక్కాను.

ఆ తర్వాత ఏదో ఆఫీసు పని మీద బాబాయి బందరు వచ్చి, నన్ను వెతుక్కుంటూ నా గదికి వచ్చాడు. బాగా వంగిపోయాడు. మంచినీళ్లు తాగి, కాసేపు సుశీల గురించీ పంట గురించీ మాట్లాడి, లేవబోతూ అన్నాడు.

"మొన్నామధ్య మీ పిన్నికి ఒళ్లు కాలిపోతోంది. లేవొద్దంటే వినదు. పొద్దున్నే దొడ్లోకి వెళ్లి గాబు తోమి, తనే నీళ్లు తోడి నింపింది. అబ్బాయి బయల్దేరాడు అంది. పొద్దుగూకేదాకా వెనక గుమ్మంలో కూర్చుంది. ఎక్కడ ఆగిపోయావురా?"

ఏ రోజని అడిగాను. చెప్పాడు. ఆ రోజే.

ఆవిడకి ఎలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు. నాపరాళ్ల మీద నడిచిందెవరో తెలియదు. దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా లాడ్జిలోనే దిగుతున్నాను. గది గుమ్మం ముందు ఎవరూ ఏమీ పెట్టరు. బందరు వచ్చిన ఆ రోజు బాబాయి నా గుమ్మంలో చెప్పులు తొడుక్కుని, నా జవాబు కోసం ఆగి, ఇంకా ఆగి, వెళ్లిపోయాడు.